బ్యాంకు మూలధనం ఎంత దెబ్బకు తట్టుకొంటుంది? మీరే లెక్క కట్టుకొనే పద్ధతి

చెన్నైలో స్థిరపడి, ఉద్యోగ విరమణ తరువాత పీఎఫ్, గ్రాట్యుటీ సొమ్మును ఫిక్స్‌డ్ డిపాజిట్లలో ఉంచుకొన్న తెలుగు కుటుంబాలలో లక్ష్మీ విలాస్ బ్యాంకు పేరు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. కరూరులో పుట్టి చెన్నై నుంచి నడిచిన ఆ బ్యాంకుపై 2020 నవంబరు 17న కేంద్ర ప్రభుత్వం మారటోరియం, అంటే చెల్లింపులపై తాత్కాలిక నిలుపుదల, విధించింది. ఖాతాదారుడు తీసుకోగల మొత్తం 25 వేల రూపాయలకు పరిమితమైంది. పది రోజులలో, అంటే నవంబరు 27న, అది డీబీఎస్ బ్యాంక్ ఇండియాలో విలీనమైంది. డిపాజిటర్ల సొమ్ము దక్కింది గాని, వాటాదారుల షేర్ల విలువ సున్నా అయింది, మూలధనం కింద లెక్కకు వచ్చే అప్పు పత్రాలైన టైర్-2 బాండ్లు సుమారు 318 కోట్ల రూపాయలవి రద్దయ్యాయి.

ఆ వార్త చాలామందికి పిడుగుపాటులా తోచింది. కాని కనీసం 9 శాతం ఉండవలసిన మూలధన నిష్పత్తి, బ్యాంకు స్వయంగా ప్రకటించిన లెక్కలోనే, 2019 మార్చి నాటికే 7.72 శాతం. 2020 మార్చికి అది 1.12 శాతానికి పడిపోయింది, అదే సెప్టెంబరుకు సున్నా కంటే దిగువకు దిగింది. ఈ అంకెలేవీ రహస్యం కావు. వాటిని ఎక్కడ వెతకాలో, ఎలా చదవాలో, వాటిమీద ఒత్తిడి పరీక్షను, అంటే బ్యాంకులవారు స్ట్రెస్ టెస్ట్ అని పిలిచే లెక్కను, ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తాను. కావలసినవి ఒక ఎక్సెల్ షీటు, తీరికగా ఒక సాయంత్రం.

రిజర్వు బ్యాంకు ఏటా జూన్, డిసెంబరు నెలలలో వెలువరించే ఆర్థిక స్థిరత్వ నివేదికలో దేశంలోని ప్రధాన వాణిజ్య బ్యాంకులకు ఇటువంటి పరీక్ష జరుగుతుంది. బయటినుంచి కొత్త మూలధనం రాదనే ఊహతో, ఒక సాధారణ పరిస్థితిలోను, అంతకంటె గడ్డు పరిస్థితులలోను నిష్పత్తులు ఎక్కడికి చేరతాయో అందులో అంచనా వేస్తారు. అయితే ఆ ఫలితాలు మొత్తం వ్యవస్థకు సంబంధించినవి. ఏ బ్యాంకు ఎలా నిలిచిందో పేరుతో చెప్పరు. అమెరికాలో ఫెడరల్ రిజర్వు పెద్ద బ్యాంకుల ఫలితాలను పేర్లతో సహా ప్రకటిస్తుంది. ఇక్కడ ఆ సౌకర్యం లేదు కనుక మన బ్యాంకు సంగతి మనమే లెక్క కట్టుకోవాలి.

అంకెలు దొరికే చోటు

బ్యాంకుల మూలధనంపై అంతర్జాతీయ ప్రమాణాలైన బాసెల్ నిబంధనల ప్రకారం ప్రతి వాణిజ్య బ్యాంకు తన వెబ్‌సైటులో నియంత్రణ ప్రకటనలకు ఒక విభాగాన్ని నిర్వహించాలి. పేజీ అట్టడుగున చిన్న అక్షరాలలో 'రెగ్యులేటరీ డిస్‌క్లోజర్స్' లేదా 'బాసెల్ త్రీ' అని కనిపించే లంకె అదే. దానిలోని పట్టికలకు డీఎఫ్ సంఖ్యలుంటాయి. మూలధన సమృద్ధి డీఎఫ్-2లో, రుణాల నాణ్యత డీఎఫ్-3లో, రిస్క్ బరువుల వారీగా రుణాల విభజన డీఎఫ్-4లో, మూలధనం కూర్పు డీఎఫ్-11లో ఉంటాయి. వార్షిక నివేదికలోని ఖాతాల వివరణ పుటలను కూడా దగ్గర పెట్టుకోండి. అతిపెద్ద ఇరవైమంది రుణగ్రహీతల వాటా, ఇరవైమంది డిపాజిటర్ల వాటా, రిజర్వు బ్యాంకు తనిఖీలో బయటపడిన ఎన్‌పీఏల, అంటే మొండి బకాయిల, వ్యత్యాసం అక్కడే తెలుస్తాయి.

ఈ చివరి అంశాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు; నా దృష్టిలో మొదట చదవవలసింది అదే. 2016-17 సంవత్సరానికి యస్ బ్యాంకు తన మొండి బకాయిలు సుమారు 2,018 కోట్లని చూపగా, రిజర్వు బ్యాంకు లెక్కలో అంతకు 6,355 కోట్లు ఎక్కువ తేలాయి. బ్యాంకు ఇచ్చిన అంకెలే నమ్మదగినవి కానప్పుడు వాటిమీద ఎంత చక్కని పరీక్ష చేసినా ప్రయోజనం ఉండదు.

నిష్పత్తిని విడదీసి చూడటం

పత్రికలలో కనిపించే మూలధన నిష్పత్తి, అంటే సీఆర్ఏఆర్, ఒక భిన్నం. పైన మూలధనం, కింద రిస్క్ బరువు కట్టిన ఆస్తులు, అంటే ఒక్కో రుణం చెడే ప్రమాదాన్ని బట్టి ఎక్కువగానో తక్కువగానో లెక్కకు తీసుకొన్న ఆస్తులు. మూలధనంలో మూడు పొరలున్నాయి. వాటాదారుల సొమ్ము, నిల్వల్లో చేరిన లాభాలు కలిసి కామన్ ఈక్విటీ అవుతాయి. నష్టం వస్తే మొదట కరిగేది ఇదే. దానిపైన, బ్యాంకు కుంగితే రద్దు చేయగల అదనపు టైర్-1 బాండ్లు, ఆపైన టైర్-2 బాండ్లు ఉంటాయి. మన దేశంలో కామన్ ఈక్విటీ కనీసం 5.5 శాతం, టైర్-1 మొత్తం 7 శాతం, అన్నీ కలిసి 9 శాతం ఉండాలి. వీటిమీద కామన్ ఈక్విటీ రూపంలోనే మరో 2.5 శాతం పరిరక్షణ నిల్వ ఉండాలి కనుక ఆచరణలో గీత కామన్ ఈక్విటీకి 8 శాతం వద్ద, మొత్తానికి 11.5 శాతం వద్ద ఉంటుంది. అంతర్జాతీయ బాసెల్ ప్రమాణం కంటె ఇది ఒక శాతం ఎక్కువ. స్టేట్ బ్యాంకు, హెచ్‌డీఎఫ్‌సీ, ఐసీఐసీఐ వంటి వ్యవస్థకు కీలకమైన బ్యాంకులకు ఇంకా కొంత అదనపు భారం ఉంది. చిన్న ఫైనాన్స్ బ్యాంకులకు కనీసం 15 శాతం. పట్టణ సహకార బ్యాంకులలో 100 కోట్ల వరకు డిపాజిట్లున్నవాటికి 9, అంతకు మించితే 12 శాతం నియమం పెట్టి, పెద్దవాటికి గడువుతో అమలు చేశారు.

మొత్తం నిష్పత్తిని చూసి సంతృప్తి పడవద్దు. 2019 మార్చిలో యస్ బ్యాంకు మొత్తం నిష్పత్తి 16.5 శాతం. చూడటానికి దివ్యంగా ఉంది. కాని అందులో కామన్ ఈక్విటీ 8.4 శాతమే; మిగిలినదంతా బాండ్లు. పైన పటారం, లోన లొటారం అన్నట్టుగా, ఏడాది తిరిగే సరికి, 2020 మార్చి 5న మారటోరియం వచ్చింది. 8,415 కోట్ల రూపాయల అదనపు టైర్-1 బాండ్లను రద్దు చేశారు. ఫిక్స్‌డ్ డిపాజిట్ కంటె కొంచెం ఎక్కువ వడ్డీ వస్తుందనే మాటమీద వాటిని కొన్న వృద్ధులూ ఆ నష్టంలో ఉన్నారు. ఆ వివాదం కోర్టుల దాకా వెళ్ళింది.

ఇక భిన్నంలో కింది భాగం. నగదుకు, కేంద్ర ప్రభుత్వ బాండ్లకు బరువు సున్నా. 75 లక్షల వరకు ఉండి, ఇంటి విలువలో 80 శాతం మించని గృహరుణానికి 35 శాతం. ఏఏఏ రేటింగు ఉన్న కంపెనీకి ఇచ్చిన రుణానికి 20, ఏ రేటింగుకు 50, ట్రిపుల్ బీకి 100, అంతకు దిగితే 150. హామీలేని వ్యక్తిగత రుణాలు విచ్చలవిడిగా పెరుగుతున్నాయని 2023 నవంబరులో వాటి బరువును 100 నుంచి 125కు, క్రెడిట్ కార్డు బాకీలది 125 నుంచి 150కి పెంచారు. అంటే వేలచ్చేరిలో ఫ్లాట్లు కొనుక్కొన్న ఇద్దరికి చెరి 50 లక్షల చొప్పున ఇచ్చిన కోటి రూపాయల గృహరుణాలు 35 లక్షలుగానే లెక్కకు వస్తే, అదే కోటిని నలుగురికి వ్యక్తిగత రుణాలుగా ఇస్తే 125 లక్షలు అవుతుంది.

పరీక్ష చేయడం

ఒక ఊహాత్మక బ్యాంకును తీసుకొందాం. అంకెలన్నీ కోట్ల రూపాయలలో. రుణాలు 70,000. వాటిలో మొండి బకాయిలు 2,800, వాటికి చేసిన కేటాయింపులు, అంటే నష్టం కింద ముందే తీసి పెట్టిన సొమ్ము, 1,960, కాబట్టి నికర మొండి బకాయిలు 840. రిస్క్ బరువు కట్టిన ఆస్తులు 60,000. కామన్ ఈక్విటీ 6,600, అదనపు టైర్-1 బాండ్లు 300, టైర్-2 1,200, మొత్తం 8,100. కామన్ ఈక్విటీ 11 శాతం, మొత్తం నిష్పత్తి 13.5 శాతం. కేటాయింపులకు ముందు ఏటా వచ్చే నిర్వహణ లాభం 1,500. ప్రభుత్వ బాండ్లు 25,000. వాటిలో మార్కెట్ ధరకు విలువ కట్టవలసినవి 7,000, గడువు దాకా ఉంచుకొనేవి 18,000.

ముందుగా ఒత్తిడి ఎటునుంచి వస్తుందో నిర్ణయించుకోవాలి. ఇది పుస్తకంలోంచి ఎత్తుకొచ్చేది కాదు, ఆ బ్యాంకు ఎవరికి అప్పులిచ్చిందో దాన్నిబట్టి ఎంచుకోవలసినది. ఒరగడం, శ్రీపెరంబుదూరు వాహన విడిభాగాల చిన్న యూనిట్లకు ఎక్కువగా ఇచ్చిన బ్యాంకుకు కార్ల కంపెనీ ఉత్పత్తి తగ్గించడమే గండం. తిరుప్పూరు బనియన్లకు, ఆంబూరు తోలు వస్తువులకు ఇచ్చిన బ్యాంకుకు అమెరికా 2025 ఆగస్టులో వేసిన 50 శాతం సుంకాల వంటివి గండం. 2015 డిసెంబరు వరదలలో అంబత్తూరు, గిండీ పారిశ్రామికవాడలలోకి నీరు వచ్చినప్పుడు ఒకే ప్రాంతంలోని ఖాతాలు ఒకేసారి ఇబ్బందిలో పడ్డాయి. ఒకే ఊరిలో, ఒకే వృత్తిలో అప్పులు గుమికూడి ఉంటే చరిత్రలోని సగటు నష్టాలు మనకు పనికిరావు.

మన బ్యాంకుకు ఈ షాకు వేద్దాం. ప్రస్తుతం సక్రమంగా ఉన్న 67,200 కోట్ల రుణాలలో 5 శాతం, అంటే 3,360 కోట్లు, ఏడాదిలో మొండి బకాయిలు అవుతాయి. వాటికి సగం కేటాయించాలనుకొంటే 1,680. రిజర్వు బ్యాంకు నియమం మొదటి ఏడాది సాధారణంగా 15 శాతమే అడుగుతుంది; హామీలేని రుణానికి 25 శాతం. కాని అసలు నష్టం అక్కడ ఆగదు కనుక సగం పెట్టుకోవడమే మంచిది. పాత నికర బకాయి 840లో సగం, 420, కూడా పోతుందనుకొందాం. మొత్తం రుణ నష్టం 2,100.

దీన్ని మొదట భరించేది నిర్వహణ లాభం. అయితే కొత్త బకాయిలపై వడ్డీ ఆగిపోతుంది. 9 శాతం చొప్పున సుమారు 300 తగ్గుతుంది. ఫీజుల ఆదాయంలో మరో 200 తీసేస్తే లాభం 1,000 మిగులుతుంది. గత ఏడాది లాభాన్ని ఉన్నదున్నట్టుగా షాకు ఏడాదికి వాడుకోవడం నేను చూసిన లెక్కలలో తరచుగా జరిగే పొరపాటు. ఇప్పుడు నికర దెబ్బ 1,100.

రెండో షాకు వడ్డీ రేట్లది. రేట్లు 2 శాతం పెరిగితే బాండ్ల ధర పడిపోతుంది. మార్కెట్ ధరకు కట్టే 7,000 కోట్ల బాండ్ల సవరించిన డ్యురేషన్ (రేటు ఒక శాతం మారితే ధర ఎన్ని శాతం మారుతుందో చెప్పే కొలత) 3 సంవత్సరాలైతే, 7,000ను 3తో, 2 శాతంతో గుణిస్తే నష్టం 420. ఇది నేరుగా మూలధనంలోంచి పోతుంది. గడువు దాకా ఉంచుకొనే 18,000 కోట్ల డ్యురేషన్ 5 అనుకొంటే నష్టం 1,800, కాని అది ఖాతాలలో కనిపించదు. డిపాజిటర్లు ఒక్కసారిగా వచ్చి పడితే తప్ప ఆ బాండ్లను అమ్మవలసిన పని లేదు. 2023 మార్చిలో అమెరికాలోని సిలికాన్ వ్యాలీ బ్యాంకుకు సరిగ్గా ఆ పరిస్థితే వచ్చింది. అందువల్ల ఈ 1,800ను ప్రధాన లెక్కలో కలపకుండా పక్కన రాసి పెట్టుకోండి; ఇరవైమంది పెద్ద డిపాజిటర్ల వాటా ఎక్కువగా ఉన్న బ్యాంకు విషయంలో మాత్రం కలిపే చూడండి.

రెండు షాకులు కలిసి 1,520. కామన్ ఈక్విటీ 6,600 నుంచి 5,080కి దిగింది. పన్ను మినహాయింపును లెక్కలోకి తీసుకోలేదు. జాగ్రత్త వైపే ఉండటం మేలు. 5,080ని 60,000తో భాగిస్తే 8.47 శాతం. గీత 8 కనుక ఇబ్బంది లేనట్టే కనిపిస్తుంది.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. గడ్డుకాలంలో భిన్నంలోని కింది భాగం కూడా కదులుతుంది. మన బ్యాంకు ఏ రేటింగు ఉన్న కంపెనీలకు ఇచ్చిన 12,000 కోట్లు ట్రిపుల్ బీకి దిగితే బరువు 50 నుంచి 100 అవుతుంది, అంటే 6,000 పెరుగుతుంది. కేటాయింపులు చేసిన మేరకు సుమారు 2,000 తగ్గుతుంది. కొత్త భాజకం 64,000. ఇప్పుడు కామన్ ఈక్విటీ 7.94 శాతం; గీతకు కొంచెం దిగువన. మొత్తం మూలధనం 6,580, నిష్పత్తి 10.28 శాతం. రూపాయల నష్టం అదే, తీర్పు మాత్రం మారిపోయింది.

దీని అర్థం బ్యాంకు మూతపడుతుందని కాదు. 9 శాతం కనీసం దాటిన తరువాత నిల్వలో మిగిలినది 1.28 శాతం, ఉండవలసిన 2.5లో సగానికి కొంచెం ఎక్కువ. ఆ స్థాయిలో బ్యాంకు తన లాభంలో 60 శాతమైనా పంచకుండా అట్టే పెట్టుకోవాలి. అదీగాక 2022 జనవరి 1 నుంచి అమలులో ఉన్న, బలహీనపడిన బ్యాంకులపై రిజర్వు బ్యాంకు ఆంక్షలు పెట్టే సత్వర దిద్దుబాటు చర్యల విధానంలో మొత్తం నిష్పత్తి 11.5 కంటె తగ్గితే మొదటి మెట్టు దాటినట్టే. డివిడెండ్‌పై ఆంక్షలు వస్తాయి, యజమానులు మూలధనం తేవాలి. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఇంత జరిగినా మన బ్యాంకు నికర మొండి బకాయిలు సుమారు 3.2 శాతమే, ఆ విధానంలో వాటికి మొదటి మెట్టు 6 శాతం. నికర ఎన్‌పీఏ ఒక్కటే చూసేవారికి ఈ బ్యాంకులో ఏ లోపమూ కనిపించదు.

పరీక్షను వెనకనుంచి కూడా చేయాలి. ఎంత శాతం రుణాలు చెడితే మొత్తం నిష్పత్తి 9 శాతానికి దిగుతుంది? 64,000లో 9 శాతం 5,760. మన దగ్గర ఉన్నది 8,100, కనుక భరించగల నికర నష్టం 2,340. ఇందులో బాండ్ల నష్టం 420, పాత బకాయిల కేటాయింపు 420 తీసేసి, వడ్డీ కోతకు ముందున్న 1,300 లాభాన్ని కలిపితే 2,800. ప్రతి కొత్త బకాయి రూపాయికి 50 పైసల కేటాయింపు, 9 పైసల వడ్డీ నష్టం, మొత్తం 59 పైసలు పోతాయి. 2,800ను 0.59తో భాగిస్తే సుమారు 4,750 కోట్లు, అంటే మంచి రుణాలలో వందకు ఏడు.

వందకు ఏడు ఎక్కువా, తక్కువా? 2018 మార్చిలో దేశంలోని వాణిజ్య బ్యాంకుల స్థూల మొండి బకాయిలు 11 శాతం దాటాయి. అది ఒక్క ఏడాదిలో పుట్టింది కాదు, కొన్నేళ్ళుగా దాచినవి 2015 ఆస్తుల నాణ్యత సమీక్ష తరువాత బయటపడి పోగైనవి. ఆ చరిత్రతో పోలిస్తే మన ఊహాత్మక బ్యాంకు సాధారణ మాంద్యాన్ని దాటుతుంది, అటువంటి కాలాన్ని మాత్రం బయటి సాయం లేకుండా దాటలేదు.

కొద్దిమంది పెద్ద రుణగ్రహీతల మీద ఆధారపడే ప్రమాదాన్ని కూడా ఒకసారి కొలవండి. ఒకే సంస్థకు టైర్-1 మూలధనంలో 20 శాతం వరకు ఇవ్వవచ్చు. మన బ్యాంకుకు టైర్-1 6,900 కనుక ఒకే ఖాతా 1,380 కోట్ల దాకా ఉండవచ్చు. సగం నష్టమైతే 690. ఇటువంటివి మూడు ఒకే ఏడాది చెడితే నష్టం 2,070. పైన మనం కష్టపడి కట్టిన రుణ నష్టమంతా మూడే పేర్లలో వచ్చేస్తుంది.

లెక్కలో లేని అంశం

మౌంట్ రోడ్డు మీద ప్రధాన కార్యాలయమున్న ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు స్థూల మొండి బకాయిలు 2018 మార్చిలో 25 శాతం దాటాయి. లక్ష్మీ విలాస్ బ్యాంకువి 2020 మార్చిలో ఇంచుమించు అంతే. మొదటిది 2015 అక్టోబరు నుంచి 2021 సెప్టెంబరు దాకా రిజర్వు బ్యాంకు ఆంక్షలలో ఉండి, ప్రభుత్వం విడతలుగా పోసిన మూలధనంతో కోలుకొంది. రెండోదానిపై 2019 సెప్టెంబరులో ఆంక్షలు వచ్చాయి, మూలధనం తెచ్చేవారు దొరకలేదు, పద్నాలుగు నెలలలో పేరే లేకుండా పోయింది. మన ఎక్సెల్ షీటులో ఈ తేడా ఏ గడిలోనూ పట్టదు. కనుక గత అయిదేళ్ళలో బ్యాంకు ఎప్పుడు షేర్లు జారీ చేసింది, ఎవరు కొన్నారు, పెద్ద వాటాదారునికి మళ్ళీ డబ్బు పెట్టే స్తోమత ఉందా అన్నవి షీటు అడుగున మాటలలో రాసుకోండి. నా మటుకు నేను, వెనకనుంచి చేసిన పరీక్షలో వందకు అయిదులోపే కుంగే ప్రైవేటు బ్యాంకుకు ఈ మూడో ప్రశ్నకు జవాబు లేకపోతే, దాని బాండ్ల జోలికి పోను, డిపాజిట్‌ను కూడా బీమా పరిధి దాటనివ్వను.

ఆ బీమా పరిధి 2020 ఫిబ్రవరి 4 నుంచి ఒక డిపాజిటరుకు ఒక బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల రూపాయలు. మాంబళం శాఖలో మూడు లక్షలు, అడయారు శాఖలో మూడు లక్షలు మీ ఒక్కరి పేర ఉంటే రెండూ కలిపి ఆరుగానే లెక్కిస్తారు, లక్ష బయట మిగులుతుంది. భార్యతో కలిసి తెరిచిన ఉమ్మడి ఖాతాను మీ సొంత ఖాతాతో కలపరు, దానికి విడిగా 5 లక్షల పరిధి వర్తిస్తుంది. బ్యాంకుపై ఆంక్షలు విధిస్తే 90 రోజులలోగా బీమా సొమ్ము చేతికి అందేలా 2021లో చట్టాన్ని సవరించారు. డిపాజిట్ గడువు తీరి తిరగరాయించుకొనే ముందు, వడ్డీ చేరి మొత్తం ఈ పరిధిని దాటుతుందో లేదో ఒకసారి కూడి చూసుకోండి.